కొల్లేటి సరస్సు పునరుద్ధరణపై కంకిపాడు సభ తీర్మానం

కృష్ణా తూర్పు డెల్టా వరి రైతులు, చేపల చెరువుల రైతులు, కొల్లేటి లంకల మత్స్యకారులు, ఉపాధ్యాయులు, పక్షుల లెక్కింపులో పాల్గొనే యువకులు కంకిపాడులో సమావేశమై, అన్ని పక్షాల వాదనలూ విన్న మీదట ఈ తీర్మానాన్ని ఆమోదించారు.

సభ మొట్టమొదట నమోదు చేస్తున్నది: 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో కైకలూరు, మండవల్లి మండలాలు ఏలూరు జిల్లాలో కలిశాయి. కొల్లేటిలో అత్యధిక భాగం ఇప్పుడు కృష్ణా జిల్లా పటంలో లేదు. కాబట్టి కొల్లేరు మన జిల్లా వ్యవహారం కాదన్న వాదనను సభ అంగీకరించడం లేదు. జిల్లా సరిహద్దు మారింది గాని నీటి వాలు మారలేదు. మైలవరం కొండల్లో కురిసిన వాన బుడమేరై విజయవాడను ఒరుసుకుంటూ వచ్చి, ఎనికేపాడు దగ్గర కాలువ కింది సొరంగంలో దూరి, గన్నవరం, నందివాడ మండలాల మీదుగా కొల్లేటికే పోతుంది. దాని వెంట నగరపు మురుగూ పోతుంది. మన పొలాల మీద చల్లిన మందూ పోతుంది. కొల్లేటి ఒడ్డున కాక, కంకిపాడులో ఈ సభ జరపడానికి కారణం ఇదే. పల్లానికి ఏం పంపుతున్నామో మిట్టనున్నవారే ముందు చెప్పుకోవాలి.

సభ గుర్తిస్తున్నది: కొల్లేరు మనుషులు తవ్విన చెరువు కాదు, నదులు వదిలేసిన పల్లం. ఆరేడు వేల ఏళ్ళ కిందట సముద్రపు ఒడ్డు ఈ ప్రాంతానికి దగ్గరగా ఉండేదని, కొల్లేరు అప్పట్లో తీరం వెంట నిలిచిన ఉప్పునీటి మడుగని భూగర్భ శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. డెల్టాలో వరుసలుగా కనిపించే పాత ఇసుక దిబ్బలు ఒకనాటి తీరరేఖలే. కృష్ణ ఒక పక్క, గోదావరి ఒక పక్క ఒండ్రు మేటలు వేసుకుంటూ సముద్రంలోకి నడిచాయి. నడుమ నిండకుండా మిగిలిన చోటు కొల్లేరు. సముద్రం దూరమైంది, నీరు తియ్యనైంది. ఆ పాత బంధానికి గుర్తుగా అరవై కిలోమీటర్లకు పైగా మెలికలు తిరిగే ఉప్పుటేరు ఒక్కటే మిగిలింది. ఆటుపోట్లకు నేటికీ సముద్రపు నీరు దానిలో ఎగదన్నుతూనే ఉంటుంది.

సభ గుర్తిస్తున్నది: ఈ సరస్సుకు చరిత్రలోనూ చోటు ఉంది. వేంగి రాజధాని ఉన్న పెదవేగి దీనికి దగ్గరలోనే ఉంది. రెండో పులకేశి క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో యుద్ధంలో నెత్తురోడిందని చెప్పిన నీరు కొల్లేరేనని చరిత్రకారులు భావిస్తారు. లంకల నడుమ కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర ఫాల్గుణ మాసంలో నేటికీ జరుగుతున్నది.

సభ ప్రత్యేకంగా నమోదు చేస్తున్నది: కొల్లేరు లోతు లేని సరస్సు. చాలా చోట్ల మనిషి నిలువు దాటదు. లోతు లేకపోవడం దాని లోపం కాదు. దాని ప్రాణం అందులోనే ఉంది. వెలుగు అడుగు దాకా దిగుతుంది గనుక నాచు పెరుగుతుంది, కలువ తీగ పారుతుంది, అంచుల్లో కిక్కిస, తుంగ దట్టంగా లేస్తాయి. ఆ వేళ్ళ మధ్యే చేప గుడ్లు పెడుతుంది. వేసవిలో నీరు నడిమధ్యకు తగ్గి అంచులు నెర్రెలు విచ్చితే కొరమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి అడుగు బురదలోకి దిగి కాలం గడుపుతాయి. పై గాలి పీల్చగల చేపలు గనుక తడి ఉన్నంతవరకూ బతుకుతాయి. తొలకరి నీరు దిగగానే పరిగెలు, జెల్లలు ఏటి పోటుకు ఎదురెక్కుతాయి. లంక మత్స్యకారుడు తాటిదోనెలో వెదురు గెడ వేసుకుంటూ పోయి, కిక్కిస పక్కన ముందు రాత్రి ముంచిన మావును పైకి లేపితే, పుల్లల సందుల్లోంచి నీరు ధారలుగా కారిపోయి అడుగున నాలుగైదు మట్టగిడసలు తపతప కొట్టుకుంటాయి. ఆ మావుకు గట్టు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు, మేత బస్తా అక్కర్లేదు. నీరు ఎక్కి దిగే తీరు చెడకుండా ఉంటే చాలు. కొల్లేటి సహజ జీవనం అంతా ఈ ఎక్కడం, దిగడం మీద ఆధారపడి ఉందని, పునరుద్ధరణ అంటే ఆ తీరును తిరిగి నెలకొల్పడమేనని సభ భావిస్తున్నది.

సభ నమోదు చేస్తున్నది: నత్తగుల్ల కొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు, పరజలు, నీటికోళ్ళు, చలికాలంలో ఉత్తర దేశాల నుంచి వచ్చే బాతులు, ఉల్లంకులు ఈ సరస్సును నమ్ముకుని ఉన్నాయి. వీటిలో గూడబాతుది ప్రత్యేక స్థానం. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు దగ్గరి గూడబాతుల స్థావరాన్ని గురించి కె.కె. నీలకంఠన్ 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశారు. దక్షిణ భారతంలో గూడబాతుల గూళ్ళ గురించి పండితలోకానికి వివరంగా తెలియజేసిన తొలి రచనల్లో అది ఒకటి. ఆ తరువాతి దశాబ్దాల్లో చెట్లు పోయాయి, సరస్సు లోపల గూళ్ళు కట్టడం ఆగింది. ఇప్పుడు కైకలూరు పక్కన ఆటపాకలో అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు మళ్ళీ పిల్లలను పెంచుతున్నాయి. తల్లి నోరు తెరిస్తే పిల్ల మెడ దాకా ఆ గొంతు సంచిలోకి దూరి, సగం అరిగిన చేపను అందుకోవడం గట్టు మీద నిలబడ్డ బడిపిల్లలకు కూడా కనిపిస్తుంది. ఆ స్టాండ్లు నిలబెట్టిన వారిని సభ అభినందిస్తున్నది. అయితే ఇనుప స్టాండు ఆసరా మాత్రమే. అది చెట్టుకు బదులు కాలేదు, దాని చుట్టూ ఉన్న మడుగు కొల్లేటికి బదులు కాలేదు.

సభ ఈ కింది లెక్కను తీర్మానంలో భాగంగా చేర్చుతున్నది. సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత, అంటే జనం వాడుకలోని ఐదో కాంటూరు, లోపల కొల్లేరు విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు, ఎకరాల్లో సుమారు 76 వేలు. పదో కాంటూరు వరకు లెక్కిస్తే 901 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరు మేర ఒక్క అడుగు నీరు నిలిస్తే అది మూడు టీఎంసీలు దాటుతుంది. ప్రకాశం బ్యారేజీ పూర్తిగా నిండినప్పుడు పట్టే నీరు కూడా సుమారు మూడు టీఎంసీలే. అంటే కొల్లేటిలో ప్రతి అడుగూ ఒక బ్యారేజీ. దానికి గేట్లు లేవు, సిమెంటు లేదు, ఒక్క రూపాయి ఖర్చు లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటితో పాటు రెండు డెల్టాల మురుగుకాలువలు కలిసి పెద్ద వరదలో లక్ష క్యూసెక్కులకు మించి తెచ్చి పోస్తాయి. ఉప్పుటేరు బయటికి తీసుకుపోగలిగేది అందులో చిన్న భాగం. మిగిలినదంతా కొన్నాళ్ళు ఎక్కడో ఒక చోట నిలవాలి. కొల్లేటిలో చోటు లేకపోతే అది ఊళ్ళలో నిలుస్తుంది. సరస్సు లోపల కట్టిన ప్రతి చెరువు గట్టూ ఆ చోటును కొరుక్కు తింటున్నది. చేపల చెరువులోనూ నీరు ఉంటుంది కదా అన్న వాదన సభ దృష్టికి వచ్చింది. నిండి ఉన్న చెరువు వరదను పట్టదు. గట్టు కట్టేదే వరద లోపలికి రాకుండా. కనుక చెరువు విస్తీర్ణాన్ని సరస్సు విస్తీర్ణంగా చూపే లెక్కలను సభ తిరస్కరిస్తున్నది.

సభ తీవ్ర విచారంతో గుర్తు చేసుకుంటున్నది: 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరును కృష్ణలోకి మళ్ళించే డైవర్షన్ కాలువ గట్లకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్, పరిసర కాలనీలు నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత ఎత్తున ఉన్నప్పుడు డైవర్షన్ నీరు నదిలో కలవదు, వెనక్కి తంతుంది. 2015 నుంచి పట్టిసీమ ద్వారా వచ్చే గోదావరి నీరు కృష్ణలో కలిసేదీ ఈ దారినే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. మళ్ళించిన దారి మూసుకుపోయిన రోజున బుడమేరు తన పాత దారి వెతుక్కున్నది. ఆ దారి కొల్లేటికి. దారి పొడవునా ఇళ్ళున్నాయి. చివర కొల్లేటిలో గట్లున్నాయి. నగరంలో నీరు తీశాక లంక గ్రామాల రోడ్ల మీద నీరు ఇంకా నిలిచే ఉంది. సింగ్‌నగర్ గోడల మీద బురద గీసిన గీతను, కొల్లేటి పొలాల్లో పాతిన కాంటూరు రాళ్ళను వేరువేరుగా చూడరాదని సభ అభిప్రాయం. నీరు ఎక్కడ నిలవాలో రాళ్ళు చెబుతాయి. అక్కడ నిలవనివ్వకపోతే ఏమవుతుందో బురద గీత చెబుతుంది.

సభ విచారిస్తున్నది: ఈ పరిస్థితి ఒక్కనాటిది కాదు, ఒక్కరు చేసినది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అన్నపూర్ణ అయింది. ఆ పొలాల నుంచి దిగిన నీటికి కొల్లేరే పల్లమైంది. తరువాత సరస్సు గర్భంలో దాళ్వా సాగు మొదలైంది. 1970ల మధ్య నుంచి మత్స్యకార సొసైటీల పేరిట చేపల చెరువులు తవ్వించారు. పేదలకు జీవనోపాధి కల్పించాలన్న ఉద్దేశం మంచిదే. ఆ చెరువులు లీజుల మీద పెట్టుబడిదారుల చేతుల్లోకి పోవడం, పదెకరాల చెరువు వందెకరాలు కావడం, మావు ముంచిన చోటే మత్స్యకారుడు కాపలా కూలీగా నిలబడడం తరువాతి కథ. ఈ కథలో డెల్టా రైతులమైన మాకు కూడా భాగం ఉందని సభలోని చేపల రైతులు స్వయంగా ఒప్పుకున్నారు. ఆ మాట వారి కోరిక మేరకే తీర్మానంలో చేర్చడమైనది.

సభ నమోదు చేస్తున్నది: 1999లో రాష్ట్ర ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002 ఆగస్టులో రామ్‌సర్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది. సుప్రీంకోర్టు ఆదేశం మీద 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరిట 40 వేల ఎకరాలకు పైగా చెరువుల గట్లు తెగగొట్టారు. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని కోరింది. దానిపై కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కుదింపు తగదని తేల్చింది. తెగిన గట్లలో ఎన్నో మళ్ళీ లేచాయన్నది లంకల్లో ఎవరిని అడిగినా చెప్పే మాట.

సభ విచారిస్తున్నది: 2006లో గట్లు తెంచడానికి చూపిన వేగం, ఆ గట్ల మీద బతికిన కూలీలకు, చిన్న వాటాదారులకు దారి చూపడంలో కనబడలేదు. పొక్లెయిన్లు వచ్చి పోయాయి. అప్పు మిగిలింది. ఊళ్ళకు ఊళ్ళు వలస పోయాయి. మళ్ళీ గట్టు కట్టడానికి పెట్టుబడిదారుడు వచ్చినప్పుడు కాదనే స్థితిలో ఎవరూ లేరు. ఉపాధి చూపకుండా చేసిన పునరుద్ధరణ నిలవదని ఆ అనుభవం రుజువు చేసింది. లంక మత్స్యకారుడిని ఆక్రమణదారుగా, గూడబాతును అతని శత్రువుగా చూపే మాటలను సభ ఖండిస్తున్నది.

సభ ఒడిశాలోని చిలికా అనుభవాన్ని పరిశీలించింది. ఆ సరస్సు పూడిపోయి, సముద్రానికి దారి మూసుకుపోయి, చేప తగ్గి, 1993లో రామ్‌సర్ ప్రమాద జాబితాకు ఎక్కింది. ప్రత్యేకంగా ఏర్పరచిన అభివృద్ధి సంస్థ నీటి కదలికను ఏళ్ళ తరబడి కొలిచి, 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచింది. రెండేళ్ళలో చేపల దిగుబడి కోలుకుంది. 2002లో ఆ సరస్సు ప్రమాద జాబితా నుంచి బయటపడింది. చిలికా ఉప్పు కలిసిన సరస్సు, కొల్లేరు మంచినీటిది. అక్కడి మందు ఇక్కడ యథాతథంగా పనిచేయదు. అయినా అక్కడ ముందు నీటి దారి చూశారు, తరువాతే మిగతావి చూశారు. ఆ వరుసను సభ ఆమోదిస్తున్నది.

పై విషయాలన్నీ దృష్టిలో ఉంచుకొని,

సభ తీర్మానిస్తున్నది: ఐదో కాంటూరు కొల్లేటి కనీస హద్దు. దానిని మూడో కాంటూరుకు గాని, మరే గీతకు గాని కుదించే ప్రతిపాదనను సభ సమ్మతించదు. మూడో కాంటూరు వరకే అయితే మిగిలేది సుమారు 135 చదరపు కిలోమీటర్లు. సగానికి పైగా సరస్సు కాగితం మీదే మాయమవుతుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఏ ఎన్నికల ముందైనా ఈ వైఖరి మారదు.

సభ తీర్మానిస్తున్నది: ఐదో కాంటూరు లోపల ఉన్న జిరాయితీ భూముల సమస్య నిజమైనది, దానికి పరిష్కారం నష్టపరిహారమే గాని హద్దు మార్పు కాదు. పట్టా ఉన్న రైతుకు చట్టప్రకారం పూర్తి పరిహారం చెల్లించి భూమి సేకరించాలి. సొంత సాగుదారుకు, లీజు మీద వచ్చిన పెట్టుబడిదారుకు తేడా పాటించాలి. పరిహారం ఆలస్యమైన ప్రతి ఏడూ కుదింపు కోరేవారికి బలం చేకూరుతున్నదని ప్రభుత్వం గ్రహించాలి.

సభ తీర్మానిస్తున్నది: హద్దు సర్వే ఒక గడువు పెట్టుకుని పూర్తి చేయాలి. అది కొల్లేటి చాంతాడు కారాదు. కాంటూరు రాళ్ళు పాతి, పటాన్ని తెలుగులో అచ్చువేసి ప్రతి గ్రామ సచివాలయం గోడకు తగిలించాలి. ఏ చెరువు గీత లోపల ఉన్నదో, ఏది వెలుపల ఉన్నదో ఊరివారికి తెలిస్తే సగం వివాదాలు అక్కడే తీరిపోతాయి.

సభ తీర్మానిస్తున్నది: ఐదో కాంటూరు లోపల కొత్త గట్టు ఒక్కటి కూడా లేవరాదు. ఉన్న గట్లను తొలగించేటప్పుడు ముందు వాగులు, మురుగుకాలువలు సరస్సులోకి దిగే నోళ్ళకు అడ్డంగా ఉన్నవి, తరువాత ఉప్పుటేరుకు నీరు వెళ్ళే దారిలో ఉన్నవి, ఆ తరువాత మిగిలినవి తీయాలి. ఆ వరుసలో వెళితే తీసిన ప్రతి గట్టుకూ ఫలితం అదే ఏడు వరదలో కనబడుతుంది. తీసిన మట్టిని పక్కనే కుప్ప పోయరాదు. పక్కన పోసిన మట్టి మరుసటి వేసవికి మళ్ళీ గట్టవుతుంది.

సభ తీర్మానిస్తున్నది: ఉప్పుటేరు పూడిక తీయాలి, దాని ఒడ్లను ఆనుకుని నీటిని ఇరుకు చేసిన ఆక్రమణలను తొలగించాలి, సముద్రం దగ్గరి మొగను తెరిచి ఉంచాలి. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టే ప్రతిపాదనపై సభలో ఏకాభిప్రాయం కుదరలేదు. వేసవిలో ఉప్పు ఎగదన్నకుండా ఆపాలన్న పైవూళ్ళ రైతుల కోరిక న్యాయమైనది. చేప, రొయ్య పిల్ల రాకపోకలు తెగిపోతాయన్న మత్స్యకారుల భయమూ న్యాయమైనదే. గేట్లు ఏ నెలలో తెరవాలి, ఎవరి ఆజ్ఞ మీద తెరవాలి అన్నది ముందు తేలి, లిఖితపూర్వకంగా ప్రకటించేంత వరకు ఈ అంశాన్ని సభ వాయిదా వేస్తున్నది.

సభ తీర్మానిస్తున్నది: బుడమేరు వరద పథకాలన్నీ కొల్లేటిని లెక్కలోకి తీసుకునే తయారు కావాలి. విజయవాడను కాపాడడానికి వాగు వెడల్పు చేసి నీటిని త్వరగా కిందికి తోస్తే, కింద దానిని పట్టే చోటు ముందే సిద్ధంగా ఉండాలి. నగరాన్ని కాపాడిన నీరు లంకలను ముంచడం పరిష్కారం కాదు. విజయవాడ, గుడివాడ, ఏలూరు పట్టణాల మురుగు శుద్ధి కాకుండా వాగుల్లో కలవరాదు. ఈ చివరి మాటకు మినహాయింపు లేదు, గడువు పొడిగింపు కూడా లేదు.

సభ తీర్మానిస్తున్నది: కొల్లేటిలో చేప పట్టే హక్కు లంక గ్రామాల మత్స్యకారులదే. వల, మావు, ఊత, గేలం వంటి గట్టు అక్కర్లేని సంప్రదాయ పద్ధతులతో వేట సాగాలి. సొసైటీ సభ్యత్వం పేరుకే ఉండి పెత్తనం బయటివారిదైన చోట ఆ లీజులు రద్దు చేయాలి. గట్లు తీసిన మొదటి ఏళ్ళలో పట్టు తక్కువగా ఉంటుంది. ఆ కాలానికి ఇంటింటికీ జీవనభృతి ముందుగా, గట్టు తీయడానికి ముందే, మంజూరు కావాలి. గుర్రపుడెక్క తొలగింపు, వాగుల నోళ్ళ పూడికతీత, చెట్ల పెంపకం పనులు ఉపాధి హామీ కింద లంక గ్రామాలకే ఇవ్వాలి. గుర్రపుడెక్క మీద కలుపు మందు చల్లరాదు. చచ్చిన మొక్క నీటిలోనే కుళ్ళి చేప ఊపిరి తీస్తుంది.

సభ తీర్మానిస్తున్నది: కొల్లేరు నాలుగు శాఖల మధ్య నలుగుతున్నది. హద్దు అటవీ శాఖది, నీరు జలవనరుల శాఖది, చేప మత్స్య శాఖది, భూమి రెవెన్యూ శాఖది. అన్నింటికీ కలిపి జవాబు చెప్పే ఒక్క సంస్థ చిలికాలో లాగా కొల్లేటికీ కావాలి. దానిలో లంక గ్రామాల నుంచి, వాగుల పైనున్న గ్రామాల నుంచి ఎన్నికైన సభ్యులు ఉండాలి. దానికి సొంత నిధి ఉండాలి. చట్టం చేసి నెలకొల్పని కమిటీలను సభ గుర్తించదు.

సభ తనకు తాను విధించుకుంటున్నది: కోరడం పూర్తయింది గనుక ఇక చేయవలసినవి. సభలోని వరి రైతులు పురుగుమందు డబ్బాలను, సీసాలను మురుగుకాలువల్లో పారవేయబోమని, పిచికారీ చేసిన వెంటనే మడి నీరు బోదెలోకి వదలబోమని మాట ఇచ్చారు. కాంటూరు వెలుపల చెరువులున్న చేపల రైతులు కోళ్ళ వ్యర్థాలు మేతగా వేయబోమని, పట్టుబడి తరువాత చెరువు నీటిని ఒక్కసారిగా కాలువలోకి తోడబోమని, పక్క ఆయకట్టుకు ముందుగా కబురు పెట్టి విడతలుగా వదులుతామని మాట ఇచ్చారు. మురుగుకాలువలకు అడ్డంగా వేసిన దారులను, తూములను ఈ వేసవిలోగా ఎవరివి వారే తొలగించాలి. తొలగించనివారి పేర్లు తదుపరి సభలో చదవబడతాయి. ఉపాధ్యాయులు తమ బడి పిల్లలతో ఏటా జనవరిలో ఒక రోజు ఆటపాకలో పక్షులను లెక్కిస్తారు. బుడమేరు మీద, తమ ఊరి మురుగుకాలువ మీద గేజి స్తంభం నాటి, జూన్ నుంచి డిసెంబరు వరకు రోజూ ఉదయం నీటిమట్టం రాసిపెట్టే పనిని యువకులు తీసుకున్నారు. ఆ పుస్తకం ఎవరు అడిగినా చూపాలి.

సభ ఆదేశిస్తున్నది: ఈ తీర్మానం ప్రతులు కృష్ణా, ఎన్టీఆర్, ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల కలెక్టర్లకు, అటవీ, జలవనరుల, మత్స్య, రెవెన్యూ శాఖల అధికారులకు, విజయవాడ నగరపాలక సంస్థకు, ఆ నాలుగు జిల్లాల శాసనసభ్యులకు పంపాలి. లంక గ్రామాల పంచాయతీలకు పంపే ప్రతులను మాత్రం తపాలాలో వేయరాదు. సభ ఎన్నుకున్న ఐదుగురు వాటిని స్వయంగా తీసుకువెళ్ళి, ఊరి వారిని కూర్చోబెట్టి చదివి వినిపించి, వారు చెప్పిన సవరణలతో తొలకరి లోపు తిరిగి రావాలి. ఆ సవరణలు చర్చించడానికి సభ కంకిపాడులోనే మళ్ళీ సమావేశమవుతుంది.